అచ్చమ్మ దగ్గు

మిర్యాలగూడలో మోటార్లకు వైండింగ్ చేసే అబ్రహాం చేతులు ఏడాదంతా వార్నిష్ వాసన కొడతాయి. డిసెంబరు వచ్చిందంటే మాత్రం ముఖానికి రంగు పడాల్సిందే. క్రిస్మస్ సెలవుల్లో కమ్యూనిటీ హాల్లో వేసే హాస్యనాటికలో పద్దెనిమిదేళ్లుగా ఆడవేషం అతనిదే. చీర కట్టి స్టేజీ ఎక్కితే చాలు, నోరు విప్పకముందే జనం ఈలలు వేసేవారు.

ఆ ఏడు నాటిక రాసింది మహేశ్వర్ అనే కాలేజీ లెక్చరర్. ఉద్యోగం పోయిన అల్లుడు, పండక్కి వచ్చిన అత్తగారి దగ్గర ఆ సంగతి దాస్తుంటాడు. అది బయటపడబోయినప్పుడల్లా ముసలి పనిమనిషి దగ్గి మాట మళ్లిస్తుంది. ఆ పనిమనిషి అబ్రహాం.

రిహార్సల్లో అతను ఎన్నిసార్లు దగ్గినా ఎవరూ నవ్వలేదు.

"అన్నా, గిది ఒట్టి దగ్గు. నవ్వొచ్చే దగ్గు కావాలె," అన్నాడు మహేశ్వర్.

అబ్రహాం కాసేపు ఆలోచించి, పక్కింటి అచ్చమ్మలా దగ్గాడు. ఒక చెయ్యి మోకాలికి ఆనించి, నడుం విరిగినట్టు వంగి, చివర ఈల వేసినట్టు ఊపిరి లాగి, "ఏం గాలె, ఏం గాలె" అని ఏమీ కానట్టు చెయ్యి ఊపాడు. అందరూ పడీపడీ నవ్వారు. అబ్రహాం పొంగిపోయాడు.

అచ్చమ్మ ముప్ఫై ఏళ్లు రైసుమిల్లులో తవుడు ఎత్తిన మనిషి. తల్లి పోయినప్పుడు అతనికి అన్నం పెట్టింది ఆమే. చిన్నమ్మా అని పిలుస్తాడు. నాటిక రోజున ఆటోలో తీసుకొచ్చి, రెండో వరుసలో తన భార్య భాగ్య పక్కన కూర్చోబెట్టాడు. ముసలిది తన దగ్గును గుర్తుపడుతుందేమోనని ఒకసారి అనిపించింది. ఎక్కడ గుర్తుపడుతుందిలే అని సర్ది చెప్పుకున్నాడు.

మొదటి దగ్గుకే హాలు గొల్లుమంది. అచ్చమ్మా నవ్వింది. రెండో దగ్గుకు ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మూడో రంగంలో కేకు మాడిందని చూపించడానికి స్టేజీ మీద పొగ వదిలారు. ఆ పొగకు ఆమెకు నిజంగానే దగ్గు తెర వచ్చింది. అదే వంగడం, అదే ఈల, అదే "ఏం గాలె".

జనం అదీ నాటికలో భాగమే అనుకున్నారు. "ఇంకోపాలి, అవ్వా!" అని వెనక నుంచి ఎవడో అరిచాడు. ముందు వరుసలోని పెద్దమనుషులు వెనక్కి తిరిగి, ఫోన్లు ఎత్తి వీడియో తీశారు.

ఇన్నేళ్లూ అబ్రహాం ఈ నవ్వు కోసమే పడి చచ్చాడు. పళ్లన్నీ బయటపెట్టిన ఆ మొహాలు చూస్తుంటే ఇప్పుడు ఒళ్లు జలదరించింది. వాళ్లకు ఇది నేర్పింది తనే అన్న సంగతి అంతకంటే రోత పుట్టించింది. విగ్గు లాగి పారేసి స్టేజీ దిగాడు.

"అన్నా, డైలాగ్!" అన్నాడు తెర వెనక నుంచి మహేశ్వర్.

అబ్రహాం వినిపించుకోకుండా అచ్చమ్మను పట్టుకుని బయటికి నడిపించాడు. జనం చప్పట్లు కొట్టారు.

మెట్ల మీద కూర్చుని ఆమె నీళ్లు తాగింది.

"నేను గట్లనే దగ్గుతనా బిడ్డా? గంత నవ్వొస్తదా?"

అతను మురుగు మోరీ పక్కకు పోయి వాంతి చేసుకున్నాడు.

మర్నాడు మహేశ్వర్ దుకాణానికి వచ్చాడు. తిట్టడానికి వచ్చాడనుకుంటే, చేతులు పట్టుకున్నాడు.

"స్టేజీ దిగుడు అదిరిపోయిందన్నా! సూర్యాపేటల, కోదాడల గూడ గట్లనే చేద్దాం. గా అవ్వను గూడ తీసుకరా."

"థూ! మనిషివేనా నువ్వు?" అన్నాడు అబ్రహాం. "నేను జేసింది గూడ పాడుపనే. గని నాకు నిన్న తెలిసింది. నీకు ఇయ్యాల గూడ తెలుస్తలేదు. నడువ్ ఈడికెల్లి!"

మహేశ్వర్ పోయాడు గానీ నాటిక ఆగలేదు. కోదాడలో వేషం వేసినవాడు వీడియో చూసి దగ్గు నేర్చుకున్నాడట. అక్కడి పోటీలో మొదటి బహుమతి కూడా వచ్చిందట. మోటారు బాగుకు వచ్చి ఆ కబురు చెప్పిన గిరాకీ ముందే అబ్రహాం కాండ్రించి ఉమ్మేశాడు.

మళ్లీ అతను వేషం కట్టలేదు. అచ్చమ్మను దవాఖానకు తీసుకుపోయి మందులు ఇప్పించాడు. దగ్గు కొంత తగ్గింది. కానీ అతను ఆమె ఇంట్లోకి వస్తే చాలు, ఆమె కళ్లలో నీళ్లు తిరిగేదాకా ఊపిరి బిగపట్టుకుంటుంది.

"దగ్గు చిన్నమ్మా, ఆపుకోకు," అంటాడు.

ఆమె తల అడ్డంగా ఊపుతుంది. ఇక చేసేది లేక అతనే లేచి వాకిట్లోకి వచ్చేస్తాడు.