మైకులో పిలిస్తే నలుగురు హన్వికలు

ఐదేళ్ల క్రితం మా పాపకు పేరు వెతికినప్పుడు మూడు షరతులు పెట్టుకున్నాను. ఆ పేరు మా చుట్టాల్లో ఉండకూడదు, మా వీధిలో ఉండకూడదు, ఎక్కడా విని ఉండకూడదు. చివరికి 'హన్విక' దొరికింది. బారసాలలో మా మేనత్త మూతి విరిచింది.

"అదేటి పేరురా అల్లుడా! మందుబిళ్ల పేరులాగున్నాది."

ఏడాది తిరక్కుండా ఆవిడే తన మనవరాలికి అదే పేరు పెట్టింది. తర్వాత వీధిలో ఇంకో ఇద్దరు. పైగా అందరూ తామే కనిపెట్టినట్టు మాట్లాడతారు. గొర్రెలైనా ముందు నడిచేదాన్ని గుర్తుపెట్టుకుంటాయి.

నిరుడు రాజాం జాతరలో పాప నా చెయ్యి విడిపించుకుని జనంలో కలిసిపోయింది. మైకు దగ్గరికి పరుగెత్తాను. మైకులో "హన్విక అనే పాప తప్పిపోయింది" అని చెప్పించాను. పాప రాలేదు కానీ, తమ హన్వికలను చంకనేసుకుని నలుగురు తండ్రులు వచ్చారు.

"మా పాప మా దగ్గరే ఉన్నాది. తప్పిపోయిందని ఎవడండీ అరుస్తన్నాడు?" అని ఒకాయన నా మీదికొచ్చాడు.

శ్రీకూర్మంలో పుట్టిన మా అమ్మ మైకు లాక్కుంది.

"ఒసే కూర్మమ్మా! నానమ్మని పిలుస్తన్నానే, ఇటు రాయే!"

ఇంట్లో అమ్మ ఒక్కతే పాపను అలా తన ఊరి దేవుడు కూర్మనాథుడి పేరుతో పిలుస్తుంది. నాకు నచ్చేది కాదు. గాజుల కొట్టు వెనక నుంచి మా పాప పరుగెత్తుకొచ్చింది. అంత జనంలో ఆ పేరుకు పలికింది అదొక్కతే.

ఇప్పుడు నేనూ కూర్మమ్మా అనే పిలుస్తున్నాను. మేనత్త ఈ పేరు జోలికి మాత్రం రాలేదు. పాత పేరు పెట్టడానికి ఆ గుంపులో ఎవరికీ ధైర్యం లేదు.