గుడ్డ తెల్లగా వచ్చేదాకా

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలు ఉండేవి. ఫోన్లో వీడియో చూసి నేర్చుకోలేని పని లోకంలో లేదన్నది ఒకటి. ఇంట్లో పెద్దవాళ్లు చెప్పేదాంట్లో సగం చాదస్తమన్నది రెండోది. ఇరవై నాలుగేళ్ల వయసు, బెజవాడలో కొత్త ఉద్యోగం, ఆదివారం మధ్యాహ్నాలు ఖాళీ. ఇంకేం కావాలి చెడిపోవడానికి? నా తోటివాళ్లు సినిమాలకీ, బైకులకీ చెడిపోతే నేను తోలుపనికి చెడిపోయాను. వీడియోలో ఓ గడ్డపాయన ఎంత తీరిగ్గా కుట్టేవాడంటే, చూస్తుంటే నా చేతులు దురద పెట్టేవి. తోలుకి బెజ్జాలు పొడిచే ఆరె, సుత్తి, మైనం పట్టిన దారం, చివరికి తోలు కూడా కొరియర్లో తెప్పించేశాను. మొదట కుట్టింది పర్సు. కుట్టు ముత్యాల్లా వచ్చింది గానీ, ఉత్సాహం ఆపుకోలేక నాలుగువైపులా కుట్టేశాను. మా అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మంచిదే లేరా, దీంట్లో డబ్బులు ఎవడూ కొట్టెయ్యలేడు" అంది. (పెట్టనూ లేడని మాత్రం అనలేదు, పాపం.)

నవ్వనిది నాన్న ఒక్కడే. తోలు పార్సిల్ విప్పిన రోజే గుమ్మంలో నిలబడి, "ఏంట్రా ఆ వాసన?" అన్నాడు. తోలన్నాను. "ఈ వాసన ఇంట్లోంచి పోగొట్టడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది. నువ్వు కొరియర్లో తెప్పించావా?" అని లోపలికి వెళ్లిపోయాడు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. సంగతేమిటంటే, నేను పుట్టకముందే పోయిన మా తాత కంకిపాడు దగ్గర మా ఊళ్లో చెప్పులు కుట్టేవాడు. ఆ చెప్పుల మీదే నాన్నని చదివించి బడిపంతుల్ని చేశాడు. నాన్న మాత్రం తాత పేరెత్తితే మాట మార్చేసేవాడు. ఎందుకో నాకూ అమ్మకీ తెలియదు. నాయనమ్మ మటుకు ఆ పార్సిల్లోని తోలుముక్కని ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, "తంగేడు చెక్కలో నానేసి పదును చేసిందేరా ఇది" అంది, చిన్నప్పటి స్నేహితురాలు ఎదురైనట్టు.

నాన్న మనసు ఎలా గెలవాలా అని చూస్తుంటే ఆ ఏడు గుడ్ ఫ్రైడే దారి చూపించింది. ఆ రోజు మా ఊరి చర్చిలో సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు. మూడోది తల్లిని గురించిన మాట. ఏళ్ల తరబడి అది నాన్న పెదతండ్రి కొడుకు, మేం మైకు బాబాయి అని పిలుచుకునే ఆయన సొత్తు. (ఆయన చేతికి మైకిస్తే తిరిగి తీసుకోవడానికి ఇద్దరు కావాలి.) ఆ ఏడు పాస్టరుగారు ఆ మాటని మొదటిసారి నాన్నకిచ్చారు. నాన్న పదకొండు పేజీలు రాసుకుని, నెల్లాళ్లు అద్దం ముందు చదువుకున్నాడు. ఆయన బైబిలేమో అట్ట ఊడిపోయి, రబ్బరు బ్యాండుతో కాలం వెళ్లదీస్తోంది. దానికి మంచి తోలు తొడుగు కుట్టి చేతిలో పెడితే నాన్న కాదనలేడు, నా పనికీ ఇంట్లో చోటు దొరుకుతుంది. ఇదీ నా పన్నాగం.

తొడుగు నిజంగానే బాగా కుదిరింది. ఈసారి మూడువైపులే కుట్టాను. ముదురు కాఫీ రంగు వేసి, గురువారం సాయంత్రం నాయనమ్మకి చూపించాను. ఆవిడ వేలితో ఒకసారి రాసి, "ఇప్పుడు తెల్లగుడ్డ తీసుకుని రుద్దు. గుడ్డ తెల్లగా వచ్చేదాకా రుద్దు. ఆనక మైనం పట్టించు" అంది. నేను పది నిమిషాలు రుద్దాను. గుడ్డ గోధుమరంగులో వచ్చింది. ఇంకో పది నిమిషాలు రుద్దాను. మళ్లీ గోధుమరంగే. "వీడియోలో ఆయన ఇంతసేపు రుద్దలేదు నాయనమ్మా" అన్నాను. "ఆయన మన ఎండలో మోస్తాడంటరా దాన్ని?" అంది. చాదస్తం అనుకుని, పైపైన మైనం పూసి, నాన్న బైబిలుకి తొడిగేశాను.

తెల్లారి నాన్న దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలితో కుట్టు మీద ఒకసారి రాశాడు. తర్వాత చంకలో పెట్టుకుని బయల్దేరాడు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. గుడ్ ఫ్రైడే అంటే మా వాళ్లు తెల్లబట్టలు తప్ప కట్టరు. నాన్న తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, అమ్మ, నాయనమ్మ తెల్ల చీరలు. ఎండ సంగతి కృష్ణా జిల్లావాళ్లకి నేను చెప్పాలా? చర్చి దగ్గర ఆటో దిగేసరికే నాన్న చొక్కా వీపుకి అతుక్కుపోయింది. గేటు దగ్గర నిలబడి, మూడో మాట మాట్లాడబోయే మనిషికి తగ్గట్టు, వచ్చినవాళ్లందరికీ "వందనాలండీ, వందనాలు" అని రెండు చేతులతో చేతులు కలిపాడు. ఎంతమందితో కలిపాడో ఆ దేవుడికే తెలియాలి.

మొదటి మాట నడుస్తుండగా కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. రెండో మాట సగంలో మా ముందు బెంచీలో ఒకావిడ తన చీర చూసుకుని, "అయ్యో అయ్యో" అని లేచింది. పక్కాయన చొక్కా జేబు మీద ఐదు వేళ్ల అచ్చు. వెనకాయన నుదుటి మీద గోధుమరంగు చార. క్షణంలో గుసగుస చర్చంతా పాకింది: "బెంచీలకి వేసిన రంగు ఆరలేదంట!" (పండగకని పాస్టరుగారు కిందటివారమే బెంచీలకి రంగు వేయించారు.) ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. గోడవారన నిలబడ్డ రంగులాయన బిక్కమొహం వేసుకుని, "ఆరిందండీ, ఒట్టండీ!" అంటున్నాడు. మైకు బాబాయి అతని మీద విరుచుకుపడ్డాడు. "డబ్బాలో ఏం కలిపావయ్యా, మనుషులకి పూశావు!" అది నాన్న చేతుల్లోంచి అంటిన నా కాఫీ రంగేనని తెలిసీ నేను తల వంచుకుని కూర్చున్నాను. నోరు విప్పితే నాన్న పరువూ, నా తోలుపనీ ఒకేసారి పోతాయి. విప్పకపోతే ఆ అమాయకుడి కూలిపని పోతుంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను విప్పలేదు.

అప్పటికే నాన్న లేచి ముందుకు నడిచాడు. చొక్కా ఎడమవైపంతా గోధుమరంగు. చెమట తుడుచుకున్నందుకు చెంపల మీద కూడా అదే రంగు. బల్ల మీద బైబిలు పెట్టి, కాగితాలు తీయబోయి, తన అరచేతులు చూసుకుని ఆగిపోయాడు. అవి రెండూ ముదురు కాఫీ రంగులో ఉన్నాయి. వాటిని తిప్పి తిప్పి చూశాడు.

"ఇది బెంచీల రంగు కాదండీ. ఆయన్నేం అనబాకండి" అన్నాడు నాన్న. "ఇది తోలు రంగు. మావాడు కుట్టాడు." తర్వాత అరచేతులు రెండూ ఎత్తి అందరికీ చూపించాడు. "మా నాన్న చేతులు ఎప్పుడూ ఇట్టాగే ఉండేయి. నేను ఉయ్యూరు హైస్కూల్లో చదివేటప్పుడు ఒకరోజు నాకు అన్నం క్యారేజీ తీసుకొచ్చాడు. ఆ చేతులు చూసి పిల్లలు ఎవర్రా ఆయన అనడిగారు. మా ఊరాయన అని చెప్పానండీ. ఆయన విన్నాడు. క్యారేజీ అక్కడ పెట్టి వెళ్లిపోయాడు. నేను ఎన్నడూ..." ఆ చేతులతోనే కళ్లు ఒత్తుకున్నాడు.

అప్పుడు ముందు వరసలోంచి నాయనమ్మ, మైకు అక్కర్లేని గొంతుతో, "ఒరే అబ్బాయ్, ఆయన ఇంటికొచ్చి నాతో చెప్పాడు లేరా! నీ కొడుకు నన్ను మా ఊరాయనన్నాడే, అబద్ధమేం కాదుగా అని నవ్వాడు. ఆ రాత్రి నీ పుస్తకాల సంచికి తోలు పట్టీ కుట్టింది ఎవరనుకున్నావ్? ఇంక ఏడుపాపి మాట్లాడు" అంది.

నాన్న నవ్వాడు. ఏడుస్తూనే నవ్వాడు. ఆ పదకొండు పేజీలు తీయనే లేదు. "తల్లి అంటే ఇదండీ" అని కూర్చున్నాడు. మూడో మాట అంత చిన్నగా ముగియడం మా చర్చి చరిత్రలో అదే మొదలు. మైకు బాబాయి కూడా కళ్లు తుడుచుకున్నాడు, తుడుచుకుని మొహమంతా రంగు పూసుకున్నాడు.

ఆ సాయంత్రం అమ్మ ఆ చొక్కాని నాలుగు సబ్బులతో ఉతికి, ఓడిపోయి, ముక్కలుగా చింపి నా మొహాన కొట్టింది. "ఇదుగో నీకు తెల్లగుడ్డలు. రుద్దుకో!" రంగంటని వీపు వైపు ముక్క తీసుకుని కూర్చున్నాను. నాయనమ్మ కళ్లజోడు పెట్టుకుని పక్కన కూర్చుని, గుడ్డ చూసినప్పుడల్లా, "ఇంకా" అనేది. తెల్లగా వచ్చేసరికి నా భుజం నాది కాకుండా పోయింది.

నాయనమ్మ పోయి ఆరేళ్లయింది. నేనిప్పటికీ ఆదివారాలు తోలుపని చేస్తున్నాను. రంగు వేసిన ప్రతిసారీ రుద్దేది ఆ చొక్కా ముక్కలతోనే, ఇప్పుడు రెండే మిగిలాయి. గుడ్డ తెల్లగానే వచ్చిందనుకుని కింద పెట్టబోతానా, ఎప్పుడొచ్చి నిలబడతాడో, నాన్న వెనకనుంచి వంగి గుడ్డ చూసి, "ఇంకా" అంటాడు. రెండో నమ్మకం ఎప్పుడో వదిలేసుకున్నవాణ్ణి కాబట్టి, మారుమాట్లాడకుండా రుద్దుతాను.