పళ్లకు తెలిసిన మోత

ఏ బండినైనా పైకెత్తి, ఇంజను ఆడిస్తూ, పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇనుముకు ఆనించి, పిడికి చెవి ఒగ్గి జబ్బు చెప్పేస్తాడు మేస్త్రీ. ఈసారి, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే పాత జీపొకటి సన్నగా కూత పెడుతోందని వస్తే, వెనక ఇరుసు విప్పి, బేరింగులు మార్చి, "కూత పోయింది" అన్నాడు.

"ఎక్కడ పోయింది బావా? వీధంతా వినపడుతుంటే నీకొక్కడికే వినపడదా?" అని నవ్వాడు, స్టీరింగు దగ్గరున్న బావమరిది. మాటలు తెలుస్తున్నాయి కానీ ఆ సన్నటి కూతే మేస్త్రీ చెవికి అందడం లేదు. మళ్లీ బండి కింద దూరి, పిడిని పళ్ల మధ్య బిగించి, మొనను ఒక్కొక్క చోటే ఆనించాడు. ఇరుసు దగ్గర పళ్లకేమీ తెలియలేదు. ముందు చక్రాలకు బలం పంచే గేరుపెట్టె దగ్గర మాత్రం దవడ జివ్వుమంది. బయటికొచ్చి, పిడిని చొక్కాకు తుడిచి బావమరిదికిచ్చాడు.

"తప్పుచోట విప్పానురా. ఇకనుంచి నువ్వు విను. ఎక్కడంటే అక్కడ విప్పుతాను."