పెంకుతో కారం గుడ్లు

మొన్న క్రిస్మస్‌కు మా కొత్త కోడలు గుడ్లను నున్నగా ఒలిచి, రెండు చెక్కలుగా కోసి, కారం కూరి పళ్లెంలో అందంగా పేర్చి తెచ్చింది. ఆళ్లగడ్డ నుంచి వచ్చిన మా ఆడబిడ్డ ఒక చెక్కను తిరగేసి చూసి, "పెంకులేవి?" అంది. కోడలు బిత్తరపోయింది. నేను కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను. నవ్వానే గానీ, ముప్పై ఏళ్లుగా దాచిన గుట్టు ఇక విప్పక తప్పదని తెలిసిపోయింది.

నాది నంద్యాల. ఉడికిన గుడ్డులో పచ్చసొన తీసి, కారమూ నిమ్మరసమూ కలిపి తిరిగి కూరడం హాస్టల్లో మేట్రనమ్మ దగ్గర నేర్చుకున్నాను. ఇంగ్లీషులో వాటిని డెవిల్డ్ ఎగ్స్ అంటారు, ఆ పేరులో సాతాను ఉన్నాడని ఆమె వాటిని కారం గుడ్లనే పిలిచేది. పెళ్లయి ఆళ్లగడ్డకు పోయిన మొదటి క్రిస్మస్‌కు, ఆరాధన అయ్యాక చర్చి పాస్టరు అయ్యగారితో సహా పాతికమంది భోజనానికి వస్తారని తెలిసి, ఎవరూ అడగకుండానే ఆ వంట నాదన్నాను. టౌను పిల్లకు పొయ్యి ముట్టించడం కూడా రాదని మా ఆడబిడ్డలు అప్పటికే గుసగుసలాడుతున్నారు. వాళ్ల నోళ్లు మూయించాలని నా పంతం.

మా అత్తకు నిల్వ గుడ్డంటే అసహ్యం. కోడలి పరువు నిలబడాలని పండగకు ముందురోజూ, పండగ పొద్దునా వీధిలో ఇల్లిల్లూ తిరిగి, కోళ్ల గంపలెత్తి, ఇంకా వెచ్చగా ఉన్న నాటుకోడి గుడ్లు కొంగులో పోసుకొచ్చింది. హాస్టల్లో మేం తిన్నవి ఎన్నాళ్లవో దేవుడికే తెలుసు, పెంకు ముట్టుకుంటే ఊడొచ్చేది. ఇవి అట్లా కాదు. ఆరాధన నుంచి వచ్చి, ఉడికించి మొదటిది ఒలిస్తే పెంకుతోపాటు సగం తెల్లసొన వచ్చింది. రెండోదీ అంతే. చన్నీళ్లలో వేశాను, ఉప్పునీళ్లలో వేశాను, ప్రార్థన కూడా చేశాను. ఆరో గుడ్డుకు ఏడుపొచ్చింది. అప్పుడే బయట అయ్యగారి స్కూటర్ ఆగింది.

అత్త వచ్చి చూసింది. "ఏడుస్తాండావేందీ? ఒలిస్తే గదా తంటా. ఒలవాకు," అని కత్తి తీసుకుని, ఒక గుడ్డును పెంకుతోనే ఒక్క దెబ్బకు రెండు చెక్కలు చేసింది. నేను చెంచాతో లోపలిదంతా గీరి తీశాను. కారం, నిమ్మరసం, పప్పులపొడి, సన్నగా తరిగిన ఎర్రగడ్డ కలిపి, మళ్లీ ఆ పెంకుల్లోనే కూరి, పెనం మీద నెయ్యేసి బోర్లా కాల్చాం. పళ్లెం చూసి ఇదేం పద్ధతని అయ్యగారు అడిగారు.

"నంద్యాలలో ఇట్లే చేస్తారంట అయ్యగారూ," అంది అత్త, ఆరాధనలో మోకాళ్ల మీది నుంచి లేచి గంటైనా కాకముందే.

అయ్యగారు ఎనిమిది చెక్కలు తిన్నారు. ఆ తర్వాత మా వాళ్లలో ఎవరింట కారం గుడ్లు చేసినా పెంకుతోనే. వాళ్లు మెచ్చుకుంటుంటే నేను సిగ్గు లేకుండా తలూపుతూ వచ్చాను. అత్త కూడా తను పోయేదాకా ఆ సంగతి ఎత్తలేదు.

మొన్న భోజనాల దగ్గర ఇదంతా చెప్పేశాను. కోడి పెట్టిన వెంటనే ఉడికిస్తే ఏ గుడ్డూ సరిగా ఒలవడానికి రాదనీ, తను పది రోజుల ముందే కొని ఉంచిందనీ కోడలు చెప్పింది. ఆడబిడ్డ మాత్రం చెయ్యి కడుక్కుంటూ నింపాదిగా అంది.

"మాకు ఆ పొద్దే తెలుసులే వదినా. మీరూ పెంకుతోనే చేయండి, లేకుంటే పిల్ల చిన్నబోతాదని అమ్మ చెప్పింది."

గుడ్డు పెంకు వదలడానికి పది రోజులు చాలట. నాకు ముప్పై ఏళ్లు పట్టింది.