నాయనమ్మ నోట ‘లేదు’ అన్న మాట

మొన్న తిరువూరులో మా వీధికి ఆరోగ్య కార్యకర్త అమ్మాయి వచ్చింది. "ఇంట్లో జ్వరాలేమైనా ఉన్నాయా అమ్మా?" అంది. "లేవమ్మా" అనేశాను. వెంటనే నాయనమ్మ గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆవిడ నోట ‘లేదు’ అనిపించడానికి, డెబ్భైల్లో ఒకసారి, బెజవాడ నుంచి జీపు రావలసి వచ్చింది మరి!

మశూచిని ప్రపంచంలోనే లేకుండా చెయ్యాలని దేశాలన్నీ పట్టుబట్టిన రోజులవి. మా వైపు జబ్బు కనబడి చాలాకాలమైంది. అయినా కనబడలేదంటే చాలదట, ఇల్లిల్లూ అడిగి లేదని తేల్చాలట. టీకాల ఉద్యోగం చేసే మా బాబాయి ఎ.కొండూరు, రెడ్డిగూడెం వైపు ఊళ్ళన్నీ సైకిలు మీద తిరిగాడు. మామిడితోటల కాపలా పాకలు కూడా వదల్లేదు మహానుభావుడు. అంతా శుభ్రమని పైకి రాసి పంపాడు. అది నిజమో కాదో చూడటానికి వచ్చిన పెద్ద డాక్టరుగారు, మా ఖర్మ కొద్దీ, మా ఇంటి ముందే జీపు ఆపారు. మశూచి అంటే ముసలివాళ్ళకి తెలియదని కాబోలు, ఊళ్ళల్లో ఆ జబ్బుని పిలిచే పేరుతోనే, "మామ్మగారూ, ఇక్కడ అమ్మవారు ఉందా?" అని అడిగారు.

"ఉండకేం బాబూ!" అంది నాయనమ్మ, చేతులు జోడించి.

ఆయన ఉలిక్కిపడ్డారు. "ఎవరికుంది?"

"అందరికీ ఉంది నాయనా. మీకు మాత్రం లేదూ?"

నేను నవ్వాపుకోలేక చచ్చాను గానీ, డాక్టరుగారి పక్కనే నిలబడ్డ బాబాయి మొహం చూస్తే జాలేసింది. ఉద్యోగం మాట దేవుడెరుగు, ఎండనక వాననక తిరిగిన కష్టమంతా కన్నతల్లి చేతిలోనే గంగపాలయ్యేట్టుంది. "లేదని చెప్పవే అమ్మా, నీకు దణ్ణం పెడతా" అన్నాడు.

"నోరు కడుక్కోరా! బియ్యం అయిపోతేనే నిండుకున్నాయంటామే, ఆ తల్లిని పట్టుకుని లేదంటానా?"

ఇక దారి లేక బాబాయి సంచిలోంచి కార్డు తీశాడు. దాని మీద ఒళ్ళంతా మశూచి పోసిన పసిపిల్ల బొమ్మ. "ఇది, అమ్మా. ఆయనడిగేది ఇదుందా అని."

నాయనమ్మ దాన్ని చాలాసేపు చూసింది. బాబాయి కంటే పెద్దది, మా అత్త, ఏడేళ్ళప్పుడు ఇలాగే పోయింది. నేను పుట్టకముందు మాట. ఆ పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. నాయనమ్మ ఆ బొమ్మ నుదుటి మీద వేలితో మెల్లగా రాసింది.

"ఇది లేదు బాబూ" అంది డాక్టరుగారితో. "మా పిల్ల తర్వాత ఈ ఇంట్లో ఎవరికీ రాలేదు. లేదు."

అని, దేవుడి గూటి ముందుకెళ్ళి లెంపలేసుకుంది. జీపు వెళ్ళాక బాబాయి ఆవిడ పక్కన కూర్చుని పసిపిల్లాడిలా ఏడ్చాడు.

కొన్నేళ్ళకి ప్రపంచం మొత్తంలో మశూచి లేదని రేడియోలో చెప్పారు. నాయనమ్మ విని, "మంచిదేలే" అని లోపలికెళ్ళిపోయింది. అన్నిటికీ కాలమే మందంటారు. నిజమే కావచ్చు, కానీ మా అత్త దగ్గరికి ఆ మందు ఓ పాతికేళ్ళు ఆలస్యంగా వచ్చింది.