మా పాటలో చిన్నాయన కేక

చిన్నాయన ఇక లేడని చిన్నమ్మ ఫోన్ చేసినప్పుడు నేను హైదరాబాద్‌లో గిటార్‌కు కొత్త తీగలు బిగిస్తున్నాను. వికారాబాద్ ఆసుపత్రికి తీసుకుపోయేసరికే గుండె ఆగిపోయిందట. "మీ చిన్నాయన పోయిండు బిడ్డా" అంది. వెంటనే, "మంద దొడ్లనే ఉన్నది. ఎవ్వరు పిలిచినా కదుల్తలేవు" అంది. భర్త పోయిన పూట గొర్రెల మాటేమిటని మీకు అనిపించవచ్చు. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టినదాన్ని కనుక నాకు అలా అనిపించలేదు. భయం వేసింది.

మీలో చాలామంది మా చిన్నాయన గొంతు విన్నారు, ఆయనదని తెలియకుండానే. మా రాక్ బ్యాండ్ ఆల్బమ్‌లో మూడో పాట మధ్యలో డ్రమ్స్ ఒక్కసారిగా ఆగిపోతాయి కదా, అప్పుడు నాలుక చివర మొదలై ఎక్కడికో సాగిపోయే ఆ కేక ఆయనదే. యాలాల్ దగ్గర మా ఊళ్లో సాయంత్రం మందను మళ్లించడానికి వేసే కేక అది. ఫోన్‌లో రికార్డు చేసుకుంటాను, పాటలో పెడతాను అంటే సంబరపడిపోయాడు. రెండుసార్లు వేశాడు. రెండుసార్లూ గొర్రెలు పరుగెత్తుకొచ్చాయి. వచ్చిన ప్రతిసారీ భుజాన ఉన్న సంచిలోంచి గుప్పెడు ఎండు తుమ్మకాయలు తీసి వాటి ముందు చల్లాడు. రికార్డింగ్ కోసమే కదా, కాయలు దండగ అన్నాను.

"పిలిచినంక చెయ్యి ఖాళీ ఉండొద్దు బిడ్డా" అన్నాడు. తాత ఆయనకు నేర్పిన పద్ధతి అది. ఉత్తగా పిలవకూడదు, పిలిచాక ఏదో ఒకటి పెట్టకుండా పంపకూడదు.

ఆల్బమ్ అంత పెద్ద హిట్ అవుతుందని మేమెవరం అనుకోలేదు. అయ్యాక మాకంటే ఎక్కువ మురిసిపోయింది చిన్నాయనే. నేను ఊరికి పోతే చాలు, చాయ్ గ్లాసు నా చేతిలో పెట్టి, "సదువు, ఏమంటున్నరు?" అనేవాడు. పాట కింద జనం రాసిన అభిప్రాయాలు ఒక్కొక్కటే చదివి వినిపించాలి. ఆయన ఒక్కొక్కదానికీ జవాబు చెప్పేవాడు. వింటుంటే ఒళ్లు జలదరించిందని ఒకమ్మాయి రాస్తే, "గొంగడి కప్పుకొని ఇనుమను" అన్నాడు. ఆ కేక మనిషిది కాదు, కంప్యూటర్‌తో చేసిందని వాదించినవాడి మీద మాత్రం నిజంగానే కోపం వచ్చింది. "ఆణ్ని మన దొడ్డికి పట్కరా, ముంగట నిలవడి పిలుస్త" అన్నాడు. ఇంకెవరో, ఆల్బమ్ మొత్తంలో కేక ఒక్కటే బాగుంది, మిగతాదంతా లొల్లి అన్నారు. నా ముఖం చూసి జాలిపడ్డాడు. "నీ గిటారు తాండూరుల బండలు కోసే మిషన్ లెక్క ఉంటది. గని జర అలవాటైతే మంచిగనే ఉన్నది తీ" అని ఓదార్చాడు. మా ఆల్బమ్ మీద వచ్చిన అభిప్రాయాల్లో నేను ఎవరికీ చెప్పకుండా దాచుకున్నది ఇదొక్కటే. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

వికారాబాద్‌లో ఒక కాలేజీలో మా ప్రోగ్రాం పెడితే, బస్సెక్కి వచ్చి, గొంగడి భుజాన వేసుకుని అందరి వెనుక నిలబడ్డాడు. పాట మధ్యలో డ్రమ్స్ ఆగగానే పిల్లలంతా కలిసి ఆ కేక వేశారు. అంతమంది గొంతులు. నాకు కళ్లు చెమర్చాయి. స్టేజీ దిగి ఆయన దగ్గరికి పోతే ఆయన ముఖంలో సంబరం లేదు. "గింతమంది పిలిస్తే గొర్లు ఏ దిక్కు పోవాలె బిడ్డా?" అన్నాడు. ఇక్కడ గొర్రెలేవి అని నవ్వాను.

కొన్నాళ్లకు పాట కింద ఒకాయన కన్నడంలో ఏదో రాశాడు. అది చదివింది మా డ్రమ్మర్. సరిహద్దు అవతల గొర్రెలు కాచుకునే మనిషట. లారీల వాళ్లు ఈ పాట పెద్దగా పెట్టుకుని పోతున్నారు, మా దిక్కు కూడా ఇలాగే పిలుస్తాం, మా గొర్రెలు మేత వదిలి రోడ్డు మీదికి వస్తున్నాయి, దయచేసి ఆ కేక తీసేయండి అని రాశాడు. దాని కింద వరసగా నవ్వు బొమ్మలు. గొర్రెలు కూడా ఈ బ్యాండ్ అభిమానులేనని ఎవరో వేళాకోళం చేశారు. ఆ వారం ఊరికి పోయినప్పుడు అదీ చదివాను. చిన్నాయన తాగుతున్న చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు.

"నేను దినాం గీ పాట పెడ్తున్న గద బిడ్డా" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. పాట వచ్చిన దగ్గర్నుంచీ మేపుకు పోయినప్పుడల్లా ఫోన్ తీసి దారిన పోయేవాళ్లకు వినిపిస్తున్నాడట. బస్సు కోసం నిలబడ్డవాళ్లకు, పత్తి ఏరే ఆడవాళ్లకు, స్కూటర్ ఆపినవాళ్లకు. "ఎట్లున్నది? నా గొంతే అది" అని అడగడం, వాళ్లు మెచ్చుకుంటే మళ్లీ పెట్టడం. కేక వినపడ్డ ప్రతిసారీ గొర్రెలు పరుగున వచ్చేవి. చేతిలో ఫోన్ ఉండేది, కాయలు ఉండేవి కావు. ఈ మధ్య అవి రావడం తగ్గించాయని, ఎండకేమో అనుకున్నానని అన్నాడు. మా వంశంలో తుమ్మకాయలు లేకుండా మందను పిలిచిన మొదటి మనిషి ఆయనే. పిలుస్తున్నానని ఆయనకే తెలియలేదు.

మరునాడు ఆయన వెంట నేనూ పోయాను. పొలాలు దాటితే తాండూరు వైపు పోయే రైలు పట్టాలు. కట్ట పక్కన పచ్చగడ్డి ఉందని మంద అటు సాగింది, కొన్ని పట్టాల మీదికి ఎక్కాయి. దూరంగా రైలు కూత వినిపించింది. చిన్నాయన కంగారుపడలేదు, ఎప్పుడూ చేసే పనే. సంచిలో చెయ్యి పెట్టి కేక వేశాడు.

ముందు నడిచే ముసలి గొర్రె తలెత్తి ఆయనను చూసింది. చూసి, మళ్లీ గడ్డిలో మూతి పెట్టింది.

ఇంకోసారి వేశాడు. అదే కేక, లక్షలమంది మెచ్చుకున్న కేక. ఒక్కటి కూడా కదల్లేదు. మలుపులో గూడ్స్ బండి ముక్కు కనిపించింది. ఇద్దరం పరుగెత్తాం. ఆయన కర్ర విసిరాడు, నేను అరుస్తూ రాళ్లు విసిరాను, చేతికందిన కాళ్లు పట్టి లాగాం. బండి పోతూ పోతూ ఉన్నంతసేపూ దాని అవతల ఏముందో కనపడలేదు. పోయాక చూస్తే మంద అంతా ఉంది, ఒక చూలు గొర్రె తప్ప.

చిన్నాయన దాని పక్కన చాలాసేపు కూర్చున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. పాటనూ అనలేదు. "గొర్లది తప్పు గాదు. నేనే ఉత్తగ పిలిచిన" అన్నాడు. ఆ కేకను పాటలోంచి తీసేయిస్తానన్నాను. "ఇచ్చింది ఇచ్చినట్టే. గది ఇగ మీదే" అన్నాడు.

ఆ వానాకాలమంతా ఆయన కొత్త పిలుపు తయారుచేసుకున్నాడు. గొంతు తక్కువ, ఈల ఎక్కువ. పిలవడం, కాయలు వేయడం, మళ్లీ పిలవడం, మళ్లీ వేయడం. మొదట ముసలి గొర్రె ఒక్కటే వచ్చేది. పంట కోతల నాటికి మంద అంతా వచ్చింది. నేను ఎదురుగా ఉన్నప్పుడు మాత్రం నా ఫోన్ ఎక్కడుందో చూసుకుని గానీ పిలిచేవాడు కాదు. "గిది పాటలకు రాదు బిడ్డా" అనేవాడు నవ్వుతూనే. పాట మీద ఇష్టం మాత్రం పోలేదు. ఇంట్లో తలుపేసుకుని, సౌండ్ తగ్గించి, చెవికి ఆనించుకుని వినేవాడు. చిన్నమ్మకు కొత్త పిలుపు నేర్పుతానన్నాడు. తొందరేముందని ఇద్దరూ అనుకున్నారు.

మూడోనాడు కర్మ అయ్యాక మందను బయటికి వదలక తప్పలేదు. దొడ్లో ఆకు అయిపోయింది. బంధువులు అప్పటికే గొర్రెలు కొనే బేరగాడికి కబురు చేశారు, మర్నాడు పొద్దున్నే బండి వస్తుంది. మాట వినని మందను ఆడమనిషి ఎట్లా కాస్తుందని వాళ్ల వాదన. "గవి గూడ పోతే ఇగ నాకేమున్నది?" అని చిన్నమ్మ ఒక్కసారే అంది. సాయంత్రానికి గొర్రెలు మళ్లీ రైలు కట్ట వైపు సాగాయి. చిన్నమ్మ ఈల వేయబోతే గాలి తప్ప ఏమీ రాలేదు. మా మేనత్త నా భుజం తట్టి, "నీ ఫోన్ల ఉన్నది గద, పాట పెట్టు" అంది.

ఫోన్ చిన్నమ్మ చేతికిచ్చి, వచ్చేటప్పుడు ఇంట్లో కొక్కెం నుంచి తీసి భుజాన వేసుకున్న చిన్నాయన సంచిలో చెయ్యి పెట్టాను. అడుగున కాయలు ఉన్నాయి. కొత్త పిలుపు నాకు రాదు. వచ్చింది పాతదొక్కటే. స్టేజీల మీద ఎన్నోసార్లు వేసిన కేకే. గుప్పెడు కాయలు తీసి పట్టుకుని వేశాను.

ఏదీ కదల్లేదు. తాండూరు దిక్కు దూరంగా రైలు కూత వేసింది. చిన్నమ్మ నా కొంగు గట్టిగా పట్టుకుంది. మళ్లీ వేశాను. ముసలి గొర్రె తలెత్తింది. నన్నే చూసింది. తర్వాత నింపాదిగా, మధ్యలో రెండుసార్లు ఆగి, కట్ట దిగి వచ్చింది. మిగతావి ఉన్నచోటే నిలబడి దాని వైపు చూస్తున్నాయి. వచ్చి, నా ముఖం చూడలేదు, మూసిన పిడికిలి వాసన చూసింది.

పిడికిలి విప్పాను.