పాత రికార్డులో అంజమ్మ నవ్వు

2011లో నేను హైదరాబాద్‌లో ఒక తెలుగు దినపత్రిక ఆదివారం అనుబంధంలో సీనియర్ సబ్ఎడిటర్‌ని. వారం వారం ఆల్బమ్‌ల సమీక్ష రాసేదాన్ని. రాక్, జాజ్, దేశదేశాల జానపదాలన్నిటినీ ఒకే గంపలో వేసి రికార్డు కంపెనీలవాళ్లు పిలుచుకునే 'ప్రపంచ సంగీతం' నా వాటా. డెస్క్‌లో నా పేజీని 'మేడంగారి గోల' అనేవారు. గోలే అయినా దానికో పద్ధతి ఉండేది. కొత్త ఆల్బమ్ అయితే మూడుసార్లు వినాలి. పాత రికార్డును మళ్లీ విడుదల చేస్తే పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టుకుని పాటకు పాట వినాలి. ఆ తర్వాతే ఐదు చుక్కల్లో ఎన్ని ఇవ్వాలో తేల్చాలి. జూనియర్లకు ఈ నియమం నూరిపోసింది నేనే.

అప్పుడు తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా ఉంది. ఒక సోమవారం వనస్థలిపురంలోని మా ఇంటికి కొరియర్‌లో సీడీ ఒకటి వచ్చింది. నల్లగొండ జిల్లా పల్లెలో ఆడవాళ్లు పాడుకునే నాట్ల పాటలు. ఎప్పుడో ఒక విదేశీ పరిశోధకుడు పొలం గట్టున కూర్చుని రికార్డు చేసుకున్నవి. అప్పట్లో ఆ పాటలతో వచ్చిన ఎల్పీ రికార్డు మా ఆఫీసు లైబ్రరీలో ఉంది. కానీ మంగళ, బుధవారాలు బంద్. దిల్‌సుఖ్‌నగర్ దాటే దారి లేదు. అనుబంధం గురువారమే అచ్చుకు పోతుంది కనుక బుధవారం సాయంత్రానికి కాపీ అందాలి. సీడీ ఒక్కటే విని, "పాత రికార్డుతో పోల్చి చూస్తే శబ్దం ఎంతో తేటగా ఉంది" అని రాసి, నాలుగు చుక్కలు వేసి ఇంటి నుంచే మెయిల్ చేశాను.

ఆదివారం సమీక్ష వచ్చిన మర్నాడు ఆఫీసుకు ఫోన్ వచ్చింది. కర్మన్‌ఘాట్ నుంచి సరిత అనే అమ్మాయి. ఆ పాటలు పాడిన అక్కచెల్లెళ్లలో పెద్దామె లచ్చమ్మకు కూతురట.

"మా అమ్మ గా సీడీ తెప్పిచ్చుకున్నది మేడం. అండ్ల మా చిన్నమ్మ నవ్వు లేదు" అంది.

చిన్నమ్మ అంజమ్మ రెండో పాట మధ్యలో పకపకా నవ్విందట. ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఫొటో కూడా లేదు. పరిశోధకుడు ఇచ్చిన క్యాసెట్ టేప్ చిక్కుపడి ఎప్పుడో తెగిపోయింది.

"పాతదానితోని పోల్చి చూసిన్నని మీరే రాసిన్రు గద. అంటే పాతది మీ తాన ఉన్నట్టే. ఒక్కసారి మా అమ్మకు ఇనిపిస్తరా?"

నాకు తల కొట్టేసినట్టయింది. లైబ్రరీకి వెళ్లి ఎల్పీ దించి, దాని పక్కన సీడీ పెట్టి, వారం కిందట చేయాల్సిన పని అప్పుడు చేశాను. రెండో పాటలో ఒకామె నవ్వు ఆపుకోలేకపోతోంది, ఇంకొకామె "నవ్వకే, పాట పోతది" అని కసురుతోంది. సీడీలో ఆ నాలుగు క్షణాలూ లేవు. దోషమనుకుని అతుకు తెలియకుండా కత్తిరించారు. ఆ అతుకునే నేను తేట అని మెచ్చుకున్నాను.

ఎల్పీని సీడీలోకి ఎక్కించుకున్నాను. మర్నాడు మళ్లీ బంద్. ఆగబుద్ధి కాక ఇంటి నుంచి కర్మన్‌ఘాట్‌కు నడక మొదలుపెట్టాను. ఎల్బీనగర్ చౌరస్తాలో నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. నాది గుంటూరు యాస, నోరు విప్పితే తెలిసిపోతుంది. భయపడిన మాట నిజం.

"ఏడికమ్మా గీ ఎండల?" అని ఒకాయన అడిగాడు.

"నల్లగొండ పెద్దావిడకి వాళ్ల పాట వినిపించడానికండీ" అన్నాను.

"అయితే జర తిని పో" అని విస్తరాకులో ఇంత అన్నం, పప్పు పెట్టించాడు. అంత కమ్మటి పప్పు నేను మళ్లీ తినలేదు.

సరిత ఇంట్లో లచ్చమ్మ మంచం మీద కూర్చుని విన్నది. నవ్వు వచ్చిన చోట ఆమె కూడా నవ్వేసింది.

"మా అత్త నారుకట్టతోని బురదల కూలవడ్డది. గది చూసి నవ్వింది పిచ్చిది. మల్లొక్కపారి పెట్టు బిడ్డా."

ఎన్నిసార్లు పెట్టానో లెక్కలేదు. చివరికి కళ్లు తుడుచుకుంటూ, "గప్పుడు నవ్వకే అని కసిరిన. ఇప్పుడు నవ్వే అంటున్న" అంది. నాకూ ఏడుపొచ్చింది.

పోల్చకుండానే పోల్చానని రాసిన సంగతి ఆమెకు చెప్పేశాను.

"ఎందుకు రాసినవ్?"

బంద్ వల్ల అనబోయి మానేశాను. పాతది వినలేదని ఒక్క ముక్క రాస్తే సరిపోయేదని ఒప్పుకున్నాను.

"గా ముచ్చట గూడ పేపర్ల రాయి" అంది లచ్చమ్మ.

రాశాను. నాలుగు చుక్కలు రెండు చేశాను. సీడీతో వచ్చిన చిన్న పుస్తకంలో పాడినవాళ్లను 'గ్రామీణ స్త్రీలు' అని మాత్రమే అన్నారు, నేను లచ్చమ్మ, అంజమ్మ అని పేర్లతో రాశాను. వేసిన చుక్కలు మార్చే ఆనవాయితీ లేదని, నా తప్పు ఒప్పుకోలు పత్రిక పరువు తీస్తుందని ఎడిటర్‌గారు అభ్యంతరం చెప్పారు. తప్పు ఒప్పుకున్న ఆ వాక్యం తీసేస్తే పేజీయే వద్దన్నాను. గొణుక్కుంటూనే వేశారు.

రిటైరయ్యేదాకా ఆ పేజీ రాశాను. మరీ తేటగా వినిపించే పాత రికార్డు ఏది వచ్చినా, ముందు ఏం తీసేశారో వెతికేదాన్ని. పాతది దొరకని వారం 'పాతది వినలేదు' అనే రాశాను.